గొడుగు పాటకి సర్కారు వేగం

కాకినాడ సామ్రాజ్యమ్మగారు మగవాడని ప్రభుత్వం తేల్చేనాటికి ఆవిడకి ఎనభై ఏడేళ్ళు. ముగ్గురు పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి, మనవరాళ్ళ పురుళ్ళు కూడా పోసిన మనిషి కాబట్టి, ఈ కబురు పేపర్లో చదవగానే ఆవిడ ముందు పకపకా నవ్వింది. కోడలు ఇందుమతిని పిలిచి, "ఏవమ్మోయ్, ఇన్నాళ్ళూ నువ్వు భయపడింది అత్తగారికి కాదట, మావగారికట" అంది.

"మీకు నేనెప్పుడు భయపడ్డానండీ అత్తయ్యగారూ?" అంది ఇందుమతి, స్కూటరు తాళం వెతుక్కుంటూ.

తర్వాత సామ్రాజ్యమ్మగారు ఆ వార్త రెండోసారి చదివింది. ఈసారి నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే గొడుగు పాట సంగతి చెప్పాలి.

పదిహేడో ఏట ఆవిడ మద్రాసు వెళ్ళి ఒక గ్రామఫోను ప్లేటు ఇచ్చింది. సినిమా పాట కాదు. హార్మనీ పార్వతీశంగారు తనే రాసి, తనే వరస కట్టిన విడి పాట.

"గొడుగు మరచి పోయినావు పెద్దమనిషీ
వాన వెలిసి పోకముందె వచ్చి పోవోయ్"

అని పల్లవి. తర్వాత రెండు చరణాలు. ఆ రోజుల్లో ప్లేటు ఒక పక్కకి మూడు నిమిషాలకి మించి పట్టదు. రిహార్సల్లో పాట సరిగ్గా సరిపోయింది. తీరా రికార్డింగులో ఫిడేలాయనకి ఉత్సాహం పుట్టుకొచ్చి మొదట్లో నాలుగు సంగతులు ఎక్కువ వేశాడు. మొదటి చరణం అయ్యి, సామ్రాజ్యం రెండోదానికి ఊపిరి తీసుకుంటూ ఉండగా అద్దం వెనక మనిషి చెయ్యి అడ్డంగా ఊపేశాడు. అంతే, పాట అక్కడికి కట్టు. పార్వతీశంగారు ఆవిడ మొహం చూసి, "బెంగపడకు అమ్మాయీ. ఆ చరణం నీది. ఎప్పుడైనా మైకు ముందు, పదిమందిలో పాడు. అందాకా ఎవరికీ చెప్పకు, రుచి పోతుంది" అన్నాడు. ఆవిడ సరేనంది. పెళ్ళయింది, మైకు మళ్ళీ ఎదురుపడలేదు. పార్వతీశంగారు పోయారు. ఇప్పుడా చరణం తెలిసిన మనిషి భూమ్మీద ఆవిడ ఒక్కతే.

రెండో చరణం లేని పాటే లోకం మీద పడింది. ముందు సినిమావాళ్ళు ఎత్తుకుపోయారు. హీరోయిన్‌కి క్షయ అంటించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, బయట ట్యాంకరు వాన కురిపించి పాడించారు. హాళ్ళలో ఆడవాళ్ళు కొంగులు పిండుకున్నారు. అది చూసి భజన సమాజాలవాళ్ళు గోవర్ధనగిరే ఆ గొడుగు అని గ్రహించి, పెద్దమనిషి ఉన్నచోట పరంధాముణ్ణి పెట్టుకున్నారు. ఒక ఎన్నికల్లో గొడుగు గుర్తు అభ్యర్థి ఊరూరా ఇదే పాట పెట్టుకు తిరిగాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు గాని ఓటు వెయ్యలేదు. బ్యాండు మేళాలు దీన్ని అప్పగింతలప్పుడు వాయించాయి. తర్వాత డిస్కో వచ్చింది, రీమిక్స్ వచ్చింది, టీవీ పోటీల్లో పదేళ్ళ పిల్లలు పాడుతుంటే జడ్జీలు వెక్కి వెక్కి ఏడ్చారు. గొడుగంటే జీవాత్మ అని ఒకాయన డాక్టరేటు తీసుకున్నాడు.

ఎవరెలా పాడినా సామ్రాజ్యమ్మగారికి ముచ్చటే. ఆవిడకున్న బాధల్లా ఒకటే. అందరూ ఏడుస్తున్నారు.

"అలా ఏడవకూడదే ఆ పాటకి" అనేది టీవీ చూస్తూ.

"మరెలాగ?" అనేది ఇందుమతి.

"చెప్పేది కాదు. పాడేది. పాడితే మైకు ముందే."

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వం రాష్ట్ర పాత పాటల ప్రామాణీకరణ మండలిని స్థాపించింది. ఒకే పాట ఇంతమంది ఇన్నిరకాలుగా పాడటం పరిపాలనకి మంచిది కాదని ఎవరో పెద్దవారికి తోచింది. దానికి కమిషనరుగా వేసిన నరహరిగారు సర్వీసంతా తూనికలు, కొలతల శాఖలో చేసి వచ్చినవారు. ఆయనకి సంగీతం రాదు గాని న్యాయం తెలుసు.

"కిలో రాయి రాష్ట్రమంతా ఒక్కటే. పచారీ కొట్టులో ఒక కిలో, బంగారం కొట్టులో ఒక కిలో ఉంటే ఇంక ప్రభుత్వం ఎందుకండీ? అలాగే పాటకీ ఒక్కటే రాయి ఉండాలి. మిగతావన్నీ దాంతో తూచాలి" అని ఆయన మొదటి ప్రెస్ మీట్‌లో చెప్పారు. మొదటి రాయిగా గొడుగు పాటని ఎంచారు. అసలు ప్లేటుని వెతికించి, కాకినాడలో క్యాంపు ఆఫీసు తెరిచి, "అసలు రూపాన్ని మంత్రివర్యుల సమక్షంలో, మైకు ముందు, యథాతథంగా పునఃప్రతిష్ఠ చేయిస్తాం" అని ప్రకటించారు.

మైకు ముందు. ఆ మాట చదివిన రోజున సామ్రాజ్యమ్మగారు మిరియాల కషాయం పెట్టించుకుని గొంతు సవరించుకోవడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండానే పేపర్లో రెండో వార్త వచ్చింది. అసలు ప్లేటుని శాస్త్రీయంగా పరీక్షించగా, పాడినది పురుషుడని, ఆయన బరువైన కంఠం కలవాడని, పాట నిడివి ఏడు నిమిషాల చిల్లర అని మండలి నిర్ధారించింది. అదీ ఆవిడకి నవ్వు రాకపోవడానికి కారణం.

"తియ్యవే స్కూటరు" అంది ఇందుమతితో.

క్యాంపు ఆఫీసులో కమిషనరుగారి పక్కన ఆచార్య భృంగేశ్వరరావుగారు ఉన్నారు. గొడుగంటే జీవాత్మ అన్న డాక్టరేటు ఆయనదే. ఇప్పుడు మండలికి విద్వత్ సలహాదారు.

"నమస్కారం బాబూ. నేను సామ్రాజ్యాన్ని."

"ఏ సామ్రాజ్యం?" అన్నారు కమిషనరుగారు.

"మీ ప్లేటు మీద ఉన్న సామ్రాజ్యాన్ని."

ఆచార్యులవారు జాలిగా నవ్వారు. "అమ్మా, ప్లేటు మీద ఉన్నది పురుష స్వరం. ఇక సామ్రాజ్యం అన్నది పేరు కాదు, బిరుదు. సంగీత సామ్రాజ్య సార్వభౌమ అన్న దానికి సంక్షిప్త రూపం. దీని మీద నేను తొంభై పేజీలు రాశాను."

"తొంభై పేజీలు నా గురించి రాసి, ఇంటికొచ్చి మంచినీళ్ళైనా తాగలేదేం నాయనా?"

కమిషనరుగారు వాదనలు ఇష్టపడే మనిషి కాదు. యంత్రం తెప్పించి, తెల్ల చేతిగుడ్డతో ప్లేటు తుడిచి, ముల్లు పెట్టించారు. ముందు ఫిడేలు, రేవులో ఓడ బయల్దేరుతున్నట్టు మోగింది. ఆ పైన "గ్గొ... డూ... గూ..." అంటూ బావిలో పడ్డ దున్నపోతులా ఒక గొంతు లేచింది. కిటికీలో పడుకున్న పిల్లి గోడ దూకి పారిపోయింది. సామ్రాజ్యమ్మగారు చెవులు మూసుకుని, వెంటనే తెరిచి, కళ్ళద్దాలు సవరించుకుని తిరుగుతున్న ప్లేటు వంక చూసింది.

"అయ్యో నా తండ్రీ! ఇది డెబ్బై ఎనిమిది ప్లేటు. దీన్ని నువ్వు ముప్ఫై మూడులో తిప్పుతున్నావు. వేగం పెంచు, ఆడపిల్ల అవుతుంది."

గుమాస్తా ఒకడు కిసుక్కున నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. కమిషనరుగారు మాత్రం నవ్వలేదు.

"అమ్మా, ఈ యంత్రం మూడుసార్లు టెండర్లు పిలిచి కొన్నది. ఆడిట్ అయిపోయింది. ఇందులో ముప్ఫై మూడు, నలభై అయిదు వేగాలు మంజూరయ్యాయి. మీరు చెప్పిన వేగం మంజూరు కాలేదు. మంజూరు కాని వేగంతో ప్లేటు తిప్పితే ఆర్థిక శాఖకి నేను సమాధానం చెప్పుకోవాలి."

"పోనీ నీ యంత్రాన్నేం చెయ్యకు. నేను వేలితో తిప్పుతాను, విను."

"ప్రభుత్వ ప్లేటు మీద ప్రైవేటు వేలా!" అని ఆయన అదిరిపడ్డారు.

ఇలా లాభం లేదని సామ్రాజ్యమ్మగారు అక్కడే నిలబడి పల్లవి ఎత్తుకుంది. గొంతు కాస్త వణికింది గాని శ్రుతి ఎక్కడా జారలేదు. పక్క గదిలో టైపు ఆగిపోయింది. గుమాస్తాలు గుమ్మం దగ్గర చేరారు. మొదటి చరణం అయ్యేసరికి కమిషనరుగారి కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. ఆయన కళ్ళు తుడుచుకుని స్టాప్‌వాచీ చూశారు.

"చాలా బాగుందమ్మా. కానీ మూడు నిమిషాలే వచ్చింది. అసలు ఏడు నిమిషాల చిల్లర. తూకంలో సగానికి పైగా తక్కువ."

"ఇంకో చరణం ఉంది బాబూ. అది పాడనివ్వాలనే వచ్చాను. అది లేకపోతే పాట అర్థమే తారుమారు. ఆ సభలో మైకు ముందు..."

"ఆ చరణం ప్లేటు మీద ఉందా?"

"లేదు."

"అయితే లేదు" అన్నారాయన, చాలా మర్యాదగా.

ఇంటి గేటు దగ్గర దిగి, "అంత దూరం వెళ్ళినప్పుడు ఆ చరణం అక్కడే పాడేయవలసింది కదండీ" అని ఇందుమతి అంటే, "గుమాస్తాలకా? పార్వతీశంగారు పదిమందిలో అన్నాడే" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ ఏడవడం ఇందుమతి అంతకు ముందు చూడలేదు.

ఉత్తర్వులు వెలువడ్డాయి. "విషయము: గొడుగు పాట. ప్రామాణిక వేగము, ప్రామాణిక గాంభీర్యము నిర్ణయించుట గురించి." ఇకమీదట ఈ పాట బహిరంగంగా పాడేవారు ఎవరైనా అసలుతో సరిపోయేలా పాడవలెను. సరిపోయిందో లేదో చూడటానికి స్వర తనిఖీ అధికారులు స్టాప్‌వాచీలతో జిల్లా అంతా బయల్దేరారు.

మొదటి దెబ్బ పెద్దాపురంలో ఒక పెళ్ళి మీద పడింది. అప్పగింతల దగ్గర బ్యాండువాళ్ళు అలవాటు చొప్పున పాట ఎత్తుకోగానే తనిఖీ అధికారి ఈల వేసి, సర్కారు వేగంలో వాయించమన్నాడు. వాయించారు. పెళ్ళికూతురు తల్లి మెడ పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది, పాట సాగుతూనే ఉంది. ఏడుపు అయిపోయింది, పాట అవలేదు. మళ్ళీ మొదలుపెట్టి ఏడ్చారు. చివరికి అల్లుడిగారి ఇంట గృహప్రవేశానికి పెట్టిన ముహూర్తం దాటిపోయి, పిల్ల మర్నాటిదాకా పుట్టింట్లోనే ఉండిపోయింది. పిల్ల ఇంకో రోజు ఇంట్లో ఉందని పెళ్ళికూతురి తండ్రి మాత్రం ఆనందించాడు.

మున్సిపల్ బాలికల హైస్కూల్లో బృందగానం పిల్లలు అసలుకి సరిపోవాలని గొంతులు బొంగురు చేసుకుని సాధన చేస్తుంటే, ఎదురింటివాళ్ళు ఎలుగుబంటి వచ్చిందని అటవీ శాఖకి ఫోన్ చేశారు. అటవీ శాఖవారు వలలతో సహా వచ్చారు. జగన్నాథపురంలో ఒక తల్లి ఉయ్యాల ఊపుతూ పాట పాడుతుంటే తనిఖీ అధికారి కిటికీలోంచి తల పెట్టి, "అమ్మా, ఇది బహిరంగం కిందికి వస్తుందా రాదా అని పై అధికారులకి రాశాం. జవాబు వచ్చేదాకా పెదాలు కదపకుండా పాడుకోండి" అన్నాడు. చంటిపిల్లాడు ఆయన్ని చూసి మరి నిద్రపోలేదు.

అర్జీలు మండలికి సంచుల్లో చేరాయి. నరహరిగారు కరకు మనిషి కాదు, న్యాయమైన మనిషి. రాత్రింబగళ్ళు ఆలోచించి సవరణ తెచ్చారు. అసలుతో సరిపోలేనివారు నకళ్ళుగా నమోదు చేయించుకోవచ్చును. అటువంటివారు "ఇది నకలు" అన్న అట్ట మెడలో వేసుకుని పాడుకోవచ్చును.

సభలో అసలు పాడటానికి మాత్రం మనిషి దొరకడం కష్టమైంది. రాష్ట్రమంతా గాలిస్తే హార్బరు పోలీసు స్టేషన్‌లో వీరభద్రం అనే హెడ్ కానిస్టేబులు దొరికాడు. ఆయన మామూలుగా "తప్పుకోండి" అంటే రేవులో కాకులు లేస్తాయి. సభ నాలుగు రోజులుందనగా ఆయన యూనిఫారంలోనే సామ్రాజ్యమ్మగారి ఇంటికి వచ్చి వరండాలో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అమ్మగారండీ, నన్ను క్షమించాలండి. పైనుంచి ఆర్డరండి. మా అమ్మ ఈ పాట పాడుకుంటూ పప్పు రుబ్బేదండి. ఇలాగ్గాదండి, ఆయ్. మీరు పాడినట్టేనండి."

"నీదేం తప్పు నాయనా, కూర్చో. కాఫీ తాగుతావా?"

"సభలో నా తర్వాత నకళ్ళని కూడా స్టేజీ ఎక్కిస్తారంటండి. నకలంటే ఎలాగుంటాదో జనానికి తెలియాలంటండి, ప్రదర్శనలాగ."

కాఫీ కలుపుతున్న ఇందుమతి చెయ్యి ఆగింది. "నకళ్ళకీ ఏడు నిమిషాలేనా వీరభద్రంగారూ?"

"అబ్బే, లేదండి. నేనూ అడిగానండి. కొలతంతా అసలుకేనంట. పిల్లలు ఆడుకునే తక్కెడకి మనం సీలు వేస్తామేంటయ్యా అన్నారండి కమిషనరుగారు. నకళ్ళకి టైమూ లేదు, మాటలూ ఇన్నేనని లేదండి."

సామ్రాజ్యమ్మగారు మెల్లిగా లేచి నిలబడింది. "మైకు ఇస్తారా?"

"మైకు లేకపోతే ప్రదర్శన ఎలాగండి?"

"తియ్యవే స్కూటరు" అంది ఆవిడ.

నమోదు గుమాస్తా తలెత్తకుండా అడిగాడు. "ఎవరికి నకలు?"

"సామ్రాజ్యానికి."

"మీ పేరు?"

"సామ్రాజ్యం."

"పేరు కూడా నకలేనా?" అన్నాడు గుమాస్తా, తలెత్తి.

"అంతా నకలే బాబూ. ఏదీ వదల్లేదు."

సభ రోజున హాలు కిటకిటలాడింది. మంత్రిగారు జ్యోతి వెలిగించి ముందు వరసలో కూర్చున్నారు. కమిషనరుగారు స్టాప్‌వాచీ పైకెత్తి చూపించి, "ఇదిగో, శుద్ధమైన అసలు" అన్నారు. వీరభద్రం కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. మూడో నిమిషంలో మంత్రిగారి తల పక్కకి వాలింది. అయిదో నిమిషంలో ఆయన అంగరక్షకుడిది వాలింది. ఏడు దాటి పాట ముగిశాక చప్పట్లు కొట్టాలని ఎవరికీ తెలియలేదు, అయిపోయిందని ఎవరూ అనుకోలేదు మరి.

తర్వాత నకళ్ళు వరసగా మెడలో అట్టలతో ఎక్కారు. బ్యాండు మేస్త్రీ పాడాడు, హైస్కూలు పిల్ల పాడింది, భజన సమాజం భక్తులు పాడారు. చివర్న, ఇందుమతి చెయ్యి పట్టుకుని ఆవిడ వచ్చింది. తెల్లటి వెంకటగిరి చీర మీద "ఇది నకలు" అన్న అట్ట.

ఆవిడ పల్లవి ఎత్తుకోగానే హాలు సద్దుమణిగింది. మొదటి చరణంలో, వాన వాడంతా తడుపుతుంటే గోడమూల గొడుగు ఒంటరిగా ఎండిపోతోందన్న చోట, అలవాటు కొద్దీ జనం జేబురుమాళ్ళు తీశారు. ఆచార్యులవారు జీవాత్మని తలుచుకుని కళ్ళొత్తుకున్నారు. చరణం అయిపోయింది. డెబ్బై ఏళ్ళుగా పాట ఆగే చోటికి వచ్చింది. చప్పట్లకి చేతులు లేచాయి. ఆవిడ ఊపిరి తీసుకుని కొనసాగించింది.

"గొడుగు నువ్వు మరవలేదు పెద్దమనిషీ
కొంగు చాటు చేసి నేనె దాచినానోయ్
వాన వంక పెట్టుకోని మళ్ళి వస్తివా
తలుపు మూసి గడియ వేసి నవ్వుతానోయ్"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా వెనక వరసలోంచి ఒక ముసలావిడ, "ఓసి దొంగముండా!" అంది పైకే. ఆ పక్కనున్న ఆడవాళ్ళు పకాలుమన్నారు. నవ్వు వరస వెంబడి వరసగా ముందుకి వచ్చింది. క్షయ రోగి కాదు, విరహం కాదు, జీవాత్మ అసలే కాదు. కొంగు చాటున గొడుగు దాచి, తలుపు వెనక నోరు మూసుకుని నిలబడ్డ పదిహేడేళ్ళ పిల్ల. తెర పక్కన వీరభద్రం నవ్వాడు, మైకులు గీపెట్టాయి. ఆ మోతకి మంత్రిగారు ఉలిక్కిపడి లేచి, "గొడుగు దొరికిందా?" అన్నారు.

"ఆవిడే దాచిందిటండి" అన్నాడు పీయే, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

ఆచార్యులవారు తొంభై పేజీలు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. కమిషనరుగారు ఒక్కరే స్టాప్‌వాచీ పట్టుకుని స్టేజీ మీదకి పరిగెత్తారు.

"అమ్మా! అమ్మా! ఇది అసలులో లేదు!"

"లేదు బాబూ" అంది సామ్రాజ్యమ్మగారు, మెడలో అట్ట సరిచేసుకుంటూ. "నకలులోనే ఉంది."

ఆయన నియమావళి అంతా మనసులో తిరగేశారు. ఆవిడ చెప్పినదాంట్లో ఎక్కడా లొసుగు లేదు. అటూ ఇటూ చూసి, ఏం చెయ్యాలో తోచక, ఆయన కూడా నవ్వేశారు.

"మళ్ళీ! మళ్ళీ!" అని హాలు గోలపెట్టింది. ఆవిడ మళ్ళీ పాడింది. ఈసారి రెండో చరణం మొదలుపెట్టకముందే జనం నవ్వడానికి సిద్ధంగా ముందుకి వంగారు. పార్వతీశంగారు ఏ మాట దగ్గర నవ్వు వస్తుందని హార్మనీ మెట్ల మీద వేలు ఆపి చూపించాడో, సరిగ్గా ఆ మాట దగ్గరే వాళ్ళందరూ నవ్వారు. నవ్వులు ఎంతకీ ఆగలేదు. సామ్రాజ్యమ్మగారికి మాత్రం ఏడుపొచ్చింది.